మైన్‌క్రాఫ్ట్‌లో టీపీ కొడితే ఎక్కడెక్కడికో పోతున్నారా?

వేసవి సెలవులొస్తే మా అన్నయ్య పిల్లలూ వాళ్ల స్నేహితులూ కలిసి ఒకే మైన్‌క్రాఫ్ట్ వరల్డ్‌లో ఆడతారు. దాన్ని నడిపే పని నాది. "బాబాయ్, నన్ను నీ దగ్గరికి లాగవా" అనే కేక రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. ఆ లాగే కమాండే టీపీ, అంటే టెలిపోర్ట్. కింద చెప్పేది కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్ గురించి. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్‌కు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాశాను గానీ ఆటలోని చాట్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

అసలు కమాండే తెలియదంటోంది

ఎర్రగా అలా రాగానే అందరూ స్పెల్లింగ్ వెతుక్కుంటారు. జావాలో మీకు అనుమతి లేకపోయినా వచ్చేది ఆ మాటే. సొంత వరల్డ్ అయితే ఎస్కేప్ నొక్కి, ఓపెన్ టు ల్యాన్‌లో అలౌ చీట్స్ (కొత్త వెర్షన్లలో అలౌ కమాండ్స్) ఆన్ చేయండి. ఆ వరల్డ్ మూసేదాకా పనిచేస్తుంది. సర్వర్ అయితే నడిపేవాళ్లు మీకు ఓపీ (ఆపరేటర్ హక్కు) ఇవ్వాలి. బెడ్‌రాక్‌లో సెట్టింగ్స్‌లోనే చీట్స్ ఉంటాయి. ఒక్కసారి ఆన్ చేశారంటే మళ్లీ ఆపేసినా ఆ వరల్డ్‌లో ఇక అచీవ్‌మెంట్లు రావు. ముందే ఆలోచించుకోండి.

వాణ్ని పిలిస్తే నేనే వెళ్లిపోయాను

ఒక్క పేరే కొడితే మీరు వాళ్ల దగ్గరికి వెళతారు. రెండు కొడితే మొదటివాళ్లు రెండోవాళ్ల దగ్గరికి. బెడ్‌రాక్‌లో పేరు మధ్య ఖాళీ ఉంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి, లేకపోతే ఒక పేరును రెండుగా చదువుకుంటుంది.

అందరినీ పైకి లేపబోతే అందరూ నా నెత్తిన పడ్డారు

ఎక్కువమంది జుట్టు పీక్కునేది ఇక్కడే. ఎవరు నిలబడ్డచోటే వాళ్లు పది బ్లాకులు లేవాలని /టీపీ @ఏ ~ ~10 ~ అని కొట్టాను. @ఏ అంటే ఆటలో ఉన్న అందరూ, మధ్య అంకె ఎత్తు. ఊరి నాలుగు మూలలా ఉన్న పిల్లలంతా వచ్చి నా తలపైన కుప్పగా రాలారు. టిల్డా (~) గుర్తుకు "ఇక్కణ్నుంచి" అని అర్థం. ఫోన్‌లో "ఇక్కణ్నుంచి కుడికి తిరుగు" అంటే ఎవరి ఇక్కడ అన్నదే తగువు కదా. ఆట లెక్కలో అది కమాండ్ కొట్టినవాడి చోటు, కదిలేవాడిది కాదు.

సరైనది ఇది: /ఎగ్జిక్యూట్ యాజ్ @ఏ ఎట్ @ఎస్ రన్ టీపీ @ఎస్ ~ ~10 ~

యాజ్ అంటే ఎవరి పేరు మీద, ఎట్ అంటే ఎవరి చోటు నుంచి. @ఎస్ అంటే కమాండ్ ఎవరి పేరు మీద నడుస్తోందో వాళ్లే. యాజ్ ఒక్కటే పెట్టి ఎట్ వదిలేస్తే పేరు మారుతుంది, చోటు మారదు. మళ్లీ అదే కుప్ప. నేనూ మొదట అలాగే వదిలేశాను. కమాండ్‌ను దాచుకుని నడిపే కమాండ్ బ్లాక్‌లో పెడితే టిల్డా ఆ బ్లాక్ నుంచి లెక్కిస్తుంది. అక్కడ యాజ్ లేకుండా @ఎస్ ఏ ప్లేయర్‌నూ సూచించదు, కాబట్టి దగ్గర్లో ఉన్న ప్లేయర్ కోసం @పీ వాడండి.

వెళ్లగానే రాయిలో ఇరుక్కుని చచ్చాడు

లొకేట్ కమాండ్‌తో ఊరో గుడో వెతికితే చాట్‌లో పచ్చ అంకెలు వస్తాయి. నొక్కితే టీపీ తయారుగా ఉంటుంది. బాగుంది, కానీ మధ్య అంకె దగ్గర టిల్డానే ఉంటుంది. అంటే మీ ఎత్తు మారదు. వజ్రాల కోసం మైనస్ 50 ఎత్తులో తవ్వుతూ నొక్కారా, అక్కడి నేల కింది రాతిలోకే పోతారు. టిల్డా తీసేసి 300 పెట్టండి. దానికి ముందు /ఎఫెక్ట్ గివ్ @ఎస్ స్లో_ఫాలింగ్ 60 కొట్టడం మర్చిపోతే ఈసారి చావు పైనుంచి వస్తుంది. ఇంకో దారి, /స్ప్రెడ్‌ప్లేయర్స్ 100 200 0 1 ఫాల్స్ @ఎస్. మొదటి రెండు అంకెలు తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ స్థానాలు. ఎత్తు అదే చూసుకుని నేల మీద దింపుతుంది. నెదర్ అనే నిప్పుల లోకంలో మాత్రం దీన్ని ఇలా వాడొద్దు, పైకప్పు మీద నిలబెడుతుంది.

ఓవర్‌వరల్డ్ అంకెలు కొడితే నెదర్‌లోనే తిరుగుతున్నాను

ఓవర్‌వరల్డ్ అంటే మామూలుగా ఆట మొదలయ్యే లోకం. అంకెలతో టీపీ లోకం మార్చదు. నెదర్ నుంచి ఇంటికి రావాలంటే /ఎగ్జిక్యూట్ ఇన్ ఓవర్‌వరల్డ్ రన్ టీపీ @ఎస్ అని, తర్వాత మూడు అంకెలూ కొట్టాలి. జావాలో ఆ లోకంలో ఎవరైనా ఉంటే ఇంకా తేలిక, వాళ్ల పేరు కొడితే సరిపోతుంది.

గొర్రెలు కూడా వచ్చేశాయి

@ఏ బదులు @ఈ పడింది. దానికి మనుషులు, గొర్రెలు, కింద పడ్డ సామాన్లు, గుచ్చుకున్న బాణాలు, అన్నీ ఒకటే. లోడై ఉన్న ప్రాంతంలో ఏముంటే అది వచ్చి మీద పడుతుంది. టీపీకి వెనక్కి తిప్పే కమాండ్ లేదు. మేం గోధుమలు చేత్తో పట్టుకుని, మందనంతా వెంటేసుకుని దొడ్డిదాకా నడిచాం.