ధర్నాలో లాఠీ దెబ్బ తగిలితే మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఎలా? ముందుగా కావాల్సిన ఆసుపత్రి కాగితం ఏది?

ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా ఒకచోట చేరే హక్కు రాజ్యాంగం 19(1)(బి) అధికరణం మనకిచ్చింది. అలా చేరినవాళ్ల మీద పోలీసులు అవసరానికి మించి బలం వాడితే జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు గానీ, రాష్ట్ర కమిషన్‌కు గానీ ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషలోనైనా రాయొచ్చు కాబట్టి తెలుగులో రాసినా తీసుకుంటారు. దెబ్బ తిన్న మనిషే పెట్టాలని కూడా లేదు. వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లో, తెలిసినవాళ్లో పెట్టొచ్చు.

ఇంత తేలికైన పనికి డబ్బులు అడిగేవాళ్లున్నారు. కారు మీద 'హ్యూమన్ రైట్స్' అని స్టిక్కర్, మెడలో ఐడీ కార్డు, పేరు వింటే అచ్చం ప్రభుత్వ కమిషనే అనిపించే ప్రైవేటు సంస్థలు చాలా ఉన్నాయి. కమిషన్‌కూ వాటికీ సంబంధం లేదు. అసలు కమిషన్ 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం కింద ఏర్పడింది. అది ఫిర్యాదు తీసుకోడానికి ఎవరి దగ్గరా ఒక్క రూపాయి కూడా వసూలు చేయదు. 'ఫైలు కదిలించడానికి' అంటూ ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

ఫిర్యాదు పంపే మార్గాలు తెలిసినవే. జాతీయ కమిషన్‌కైతే హెచ్ఆర్‌సీనెట్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా పెట్టొచ్చు, లేదా ఢిల్లీ ఐఎన్ఏ దగ్గరున్న మానవ్ అధికార్ భవన్‌కు స్పీడ్ పోస్టులో పంపొచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 14433. ఆన్‌లైన్‌లో పెడితే డైరీ నంబరు వస్తుంది. దాన్ని రాసి పెట్టుకోండి, తర్వాత అన్నిటికీ అదే ఆధారం. పోస్టులో పంపితే రసీదు, ఫిర్యాదు జిరాక్సు కలిపి దాచండి.

ఇక్కడ రెండు నిబంధనలు గుర్తుపెట్టుకోవాలి. ఘటన జరిగిన రోజు నుంచి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టదు. అలాగే ఒకే ఘటన మీద రెండు కమిషన్లకూ ఫిర్యాదు పెట్టొద్దు. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోదు, జాతీయ కమిషన్ విచారిస్తున్నదాన్ని రాష్ట్ర కమిషన్ ముట్టుకోదు. 'రెండు చోట్లా వేస్తే ఎక్కడో ఒకచోట తగులుతుంది' అనుకుని వేస్తే రెండు చోట్లా మూతపడే ప్రమాదం ఉంది. రాష్ట్ర కమిషన్‌లో ఆ సమయానికి చైర్‌పర్సన్, సభ్యులు ఉన్నారో లేదో కనుక్కుని, ఏదో ఒకటి ఎంచుకోండి.

ఇంతవరకూ ఎవరైనా చేసుకోగలరు. జనం తడబడేది వీటన్నిటికంటే ముందు, ఆసుపత్రి క్యాజువాలిటీలో.

ఎంఎల్‌సీ ఎంట్రీ

కొట్టడం వల్ల తగిలిన గాయంతో ఎవరైనా ఆసుపత్రికి వస్తే డ్యూటీ డాక్టరు దాన్ని మెడికో లీగల్ కేసుగా రిజిస్టరులో రాయాలి. వాడుకలో దీన్నే ఎంఎల్‌సీ అంటారు. దాని ఆధారంగానే తర్వాత గాయాల వివరాలు రాసే ఊండ్ సర్టిఫికెట్ తయారవుతుంది. ఆ ఎంట్రీలో 'గాయం ఎలా తగిలింది' అనే వరుస ఒకటి ఉంటుంది. ఫిర్యాదు నిలబడేదీ పడిపోయేదీ ఎక్కువగా ఆ ఒక్క వరుస మీదే.

క్యాజువాలిటీలో జరిగేది ఇది. డాక్టరుగారు తల ఎత్తకుండా "ఎలా తగిలిందమ్మా?" అంటారు. పక్కనే అవుట్‌పోస్టు కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు. దెబ్బతిన్న మనిషి ఒక్క క్షణం ఆగి "పడిపోయాను సార్" అంటుంది. ఆ మాటే రిజిస్టరులోకి ఎక్కుతుంది. నెల తర్వాత కమిషన్‌కు 'పోలీసులు కొట్టారు' అని రాస్తే, పోలీసుల నివేదికలో వచ్చే మొదటి జవాబు 'ఆసుపత్రి రికార్డు ప్రకారం ఆమె కింద పడింది' అనే.

భయం సహజమే. అక్కడ నిజం చెప్పడం నేరం మాత్రం కాదు. తేదీ, సుమారు సమయం, చోటు, ఏం చేస్తుండగా కొట్టారు, దేనితో కొట్టారు, ఎక్కడెక్కడ తగిలింది, ఇంతవరకు చెబితే చాలు. 'ఫలానా ఆఫీసు ముందు కూర్చుని ధర్నా చేస్తుంటే యూనిఫాంలో ఉన్న పోలీసులు లాఠీలతో వీపు మీద, ఎడమ చేతి మీద కొట్టారు' అంటే సరిపోతుంది. పేర్లు తెలియకపోతే తెలియవనే చెప్పండి. ఊహించి ఎవరి పేరూ చెప్పొద్దు, తర్వాత అది మీకే అడ్డం తిరుగుతుంది.

'పోలీసుల సంగతి మేం రాయం' అని డాక్టరు అన్నా వాదనకు దిగొద్దు. "మీరు చూశారని కాదు సార్, పేషెంట్ చెప్పిన ప్రకారం అని రాయండి" అని మర్యాదగా అడగండి. ఆ వరుసలో ఉండాల్సింది పేషెంట్ చెప్పిందే, అందులో డాక్టరు ధ్రువీకరించేదేమీ ఉండదు. ఈ ఒక్క మాటతో చాలామంది డాక్టర్లు రాస్తారు. 'పోలీసు కాగితం తెస్తేనే చూస్తాం' అని మాత్రం ఎవరూ అనకూడదు. పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా గాయపడినవాళ్లకు వెంటనే వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులోనే చెప్పింది.

ఆలస్యం చేయొద్దు. లాఠీ దెబ్బ కమిలితే తరచుగా రెండు సమాంతర గీతలు తేలి, మధ్యలో చర్మం పాలిపోయి, రైలు పట్టాల్లా కనిపిస్తుంది. కింద పడితే తగిలే గాయానికి మామూలుగా ఆ రూపం రాదు. ఆ తేడా డాక్టర్లకు తెలుసు. కానీ కమిలిన మచ్చ ఎరుపు నుంచి నీలానికి, ఆకుపచ్చకు, పసుపుకు మారుతూ సుమారు రెండు వారాల్లో మాయమవుతుంది. లోతుగా తగిలిన దెబ్బ మొదటిరోజు పైకి కనిపించకపోవచ్చు కూడా. మర్నాడో ఆ మర్నాడో కొత్తగా మచ్చ తేలితే మళ్లీ వెళ్లి రాయించండి. ఈలోపు పగటి వెలుతురులో ఫొటోలు తీసుకోండి. ముఖం, గాయం కలిసి కనిపించేది ఒకటి, గాయం పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి. రంగు మారినకొద్దీ మళ్లీ తీయండి.

ఎక్స్‌రే అడగడం చాలామంది మర్చిపోతారు. తల మీద పడే దెబ్బను ఆపుకోడానికి చెయ్యి అడ్డం పెట్టినవాళ్లకు ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక చిట్లొచ్చు. వాపే కదా అని కట్టు కట్టించుకుని వచ్చేస్తారు. ఎముక విరిగితే, చిట్లితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయం. పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. ఎక్స్‌రే లేకపోతే సర్టిఫికెట్లో 'సాధారణ గాయం' అని పడుతుంది.

ఈ తేడా కాగితంతో ఆగదు. 2011 జూన్ 4 అర్ధరాత్రి ఢిల్లీ రాంలీలా మైదానంలో నిద్రపోతున్న జనం మీద జరిగిన పోలీసు చర్యను సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని 2012 ఫిబ్రవరి 23న తీర్పిచ్చింది. చనిపోయిన మహిళ కుటుంబానికి 5 లక్షలు, తీవ్ర గాయాలైనవాళ్లకు 50 వేలు, సాధారణ గాయాలైనవాళ్లకు 25 వేల రూపాయల చొప్పున పరిహారం ఇమ్మంది. ఎవరు ఏ వరుసలోకి వస్తారో తేల్చేది వైద్య రికార్డే.

సర్టిఫికెట్ చేతికివ్వకపోతే

ఊండ్ సర్టిఫికెట్ మామూలుగా పోలీసులకే పంపుతారు. కొట్టిందీ ఆ స్టేషన్ వాళ్లే, సర్టిఫికెట్ చేరేదీ ఆ స్టేషన్‌కే. ఇక్కడే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. వదులుకోవాల్సిన పని లేదు. సర్టిఫికెట్ లేకపోయినా ఎంఎల్‌సీ నంబరు ఉంటే చాలు. ఓపీ చీటీ మీద ఎంఎల్‌సీ నంబరు, తేదీ, సమయం వేయించుకోకుండా క్యాజువాలిటీ నుంచి కదలొద్దు. ఏ ఆఫీసు నుంచైనా రికార్డు తెప్పించుకోడానికి సివిల్ కోర్టుకుండే అధికారం కమిషన్‌కుంది. ఫిర్యాదులో 'ఫలానా ఆసుపత్రి, ఫలానా తేదీ, ఎంఎల్‌సీ నంబరు ఫలానా, ఆ రికార్డును తెప్పించి పరిశీలించగలరు' అని ఒక్క వాక్యం రాయండి.

చికిత్స కాగితాలు, ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ మాత్రం మీవే. అడిగిన 72 గంటల్లో పేషెంట్‌కు రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. ప్రభుత్వాసుపత్రి ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.

అరెస్టయినవాళ్ల సంగతి కొంచెం వేరు. అరెస్టు చేసిన వెంటనే వైద్య పరీక్ష చేయించాలి, ఆ రిపోర్టు కాపీని అరెస్టయిన మనిషికి గానీ వాళ్లు చెప్పినవాళ్లకు గానీ ఇవ్వాలి. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 53వ సెక్షన్. 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచినప్పుడు, అడిగినా అడగకపోయినా "నన్ను కొట్టారండీ" అని చెప్పి గాయం చూపించాలి. వెనకే పోలీసులు నిలబడి ఉండగా ఈ మాట అనడం ఎంత కష్టమో తెలుసు. అయినా ఆ రోజు రికార్డులోకి ఎక్కిన మాటకుండే బలం తర్వాత చెప్పిన మాటకు ఉండదు. స్టేషన్ నుంచే సాయంత్రం పూచీకత్తు మీద వదిలేసేటప్పుడు తెల్లకాగితం మీద సంతకం అడిగితే పెట్టొద్దు. రాసి ఉన్న కాగితమైతే చదివి, చదవలేకపోతే చదివించుకుని పెట్టండి.

'ఆసుపత్రిలో చెబితే ధర్నాలో ఉన్నట్టు మనమే ఒప్పుకున్నట్టవుతుంది, మన మీదే కేసు పెడతారు' అని కొందరు వెనక్కి తగ్గుతారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. లాఠీచార్జి తర్వాత ధర్నాలో ఉన్నవాళ్ల మీద చట్టవిరుద్ధంగా గుమిగూడారని, విధులకు ఆటంకం కలిగించారని కేసులు పెట్టడం మామూలే. అందుకే లాయరుతో మాట్లాడటం మంచిది. అయితే ముందు ఆసుపత్రికి వెళ్లి తర్వాత మాట్లాడండి. లాయరు వారం తర్వాతైనా దొరుకుతాడు, దెబ్బ ఆనవాలు అన్నాళ్లు ఉండకపోవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నంబరు 15100.

ఫిర్యాదు రాసేటప్పుడు

రెండు పేజీలు దాటనివ్వకండి. ప్రభుత్వాన్ని తిట్టే పేరాలు, డిమాండ్ల చరిత్ర అక్కర్లేదు. ధర్నా ఎక్కడ, ఎన్నింటికి మొదలైంది, అనుమతి ఉందా, జనం ఏం చేస్తున్నారు అన్నది ముందు రాయాలి. గుమిగూడినవాళ్లను వెళ్లిపొమ్మని ఆదేశించొచ్చని, ఆదేశించినా వెళ్లకపోతే, లేదా వెళ్లేది లేదన్నట్టు ప్రవర్తిస్తే బలం వాడొచ్చని నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షన్ చెబుతోంది. మైకులో హెచ్చరిక వినిపించిందా, వినిపిస్తే కదలడానికి ఎంతసేపు ఇచ్చారు, దారి ఎటు వదిలారు అన్నవి తప్పకుండా రాయండి. పరిగెడుతున్నవాళ్లను, కింద పడినవాళ్లను కొట్టి ఉంటే అది వేరే వాక్యంగా రాయండి. పరిస్థితి అదుపులోకి వచ్చాక కూడా కొట్టడం మితిమీరిన బలప్రయోగమేనని 2016లో అనితా ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు అంది. మీ వైపు నుంచి ఎవరైనా రాయి విసిరి ఉంటే దాన్నీ దాచకండి. పోలీసుల వీడియోలో అది ఉంటే, దాచిన ఆ ఒక్క విషయం మిగతా నిజాలన్నిటినీ ముంచుతుంది.

వీడియో తీసిన ఫోన్‌లో ఒరిజినల్ ఫైలును అలాగే ఉంచండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీలో క్వాలిటీ తగ్గుతుంది, తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. చుట్టుపక్కల సీసీ కెమెరాల ఫుటేజీ కొన్నాళ్లకు చెరిగిపోతుంది కాబట్టి దాన్ని భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడిగి, ఆ కాపీ కూడా ఫిర్యాదుకు జతచేయండి.

పెట్టాక కమిషన్ నుంచి వచ్చే జవాబు చూసి కొందరు కుంగిపోతారు. 'తగిన చర్య కోసం సంబంధిత అధికారికి పంపి ముగించాం' అని వస్తే, ఫిర్యాదు తిరిగి జిల్లా ఎస్పీ దగ్గరికే వెళ్లిందని అర్థం. అప్పుడు ఎస్పీకి డైరీ నంబరు వేసి, వాంగ్మూలం ఇవ్వడానికి సిద్ధమని ఉత్తరం రాయండి. చర్య లేకపోతే ఏడాది గడువు చూసుకుని కమిషన్‌కు మళ్లీ రాయొచ్చు.

కమిషన్ నోటీసు ఇచ్చి పోలీసుల నుంచి నివేదిక తెప్పించుకుంటే, దాన్ని మీకు పంపి మీ అభిప్రాయం అడుగుతుంది. గడువు సాధారణంగా కొన్ని వారాలే ఉంటుంది. ఆ కవరు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోవడం, నివేదిక ఇంగ్లీషులో ఉందని పక్కన పెట్టేయడం, ఈలోపు ఊళ్లో పెద్దమనిషి వచ్చి "నీ మీద కేసు తీసేయిస్తా, నువ్వా ఫిర్యాదు వదిలెయ్" అనడం, ఇవన్నీ జరిగేవే. కేసు తీసేయించే అధికారం ఆ పెద్దమనిషికి లేదు. మీరు జవాబివ్వకపోతే చెప్పేదేమీ లేదని కమిషన్ మూసేస్తుంది. నివేదికను ఎవరితోనైనా చదివించుకుని, అబద్ధం ఉన్న చోటల్లా పేరా నంబరు వేసి 'ఇది నిజం కాదు, ఎంఎల్‌సీ నంబరు ఫలానా చూడగలరు' అని తెలుగులోనే రాసి, గడువులోపు పంపండి. అడ్రసు, ఫోన్ నంబరు మారితే అదే డైరీ నంబరు వేసి కమిషన్‌కు ముందే తెలియజేయండి.