ఒడియా బడి పిల్లలకు వేసవి సెలవుల్లో ఇంట్లో చదువు చెప్పడం ఎలా?

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న మా పర్లాకిమిడిలో ఏటా ఒకటే తంతు. ఎండలు ముదిరి బళ్లు మూసేయగానే ఇంటింటా పెద్దలకు పిల్లల తెలుగు గుర్తొస్తుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా, అమ్మమ్మ ఊరికి వెళ్లే బస్సు బోర్డు కూడా మీవాడికి చదవడం రాదా అని ఏ పెళ్లిలోనో ఎవరో అనేసుంటారు. ఇంకేం, ఆంధ్రా వైపు పాతపట్నం నుంచో టెక్కలి నుంచో రంగురంగుల అక్షరాల పుస్తకం దిగుతుంది. వారం రోజులు అ నుంచి ఱ దాకా బట్టీ, తర్వాత గుణింతాలు, మే రెండో వారానికి ఏడుపులు, మూడో వారానికి పుస్తకం అటక మీదికి. "వీడికి తెలుగు ఎక్కదు పిన్నీ" అంటారు నాతో. ఎందుకెక్కదు, ఎక్కుతుంది. ఎక్కించే తీరే తప్పు.

పద్నాలుగు వేసవులుగా మా అరుగు మీద ఒకటి నుంచి ఐదో తరగతి దాకా గుంటల్ని కూర్చోబెడుతున్నాను. తెలుగొక్కటే కాదు, లెక్కలు, పరిసరాలు, బొమ్మలు, కాస్త ఒడియా కూడా. ఒక్కదగ్గర తప్ప ఇందులో పెద్ద కష్టమేం లేదు. ఆ ఒక్కదగ్గరే అందరూ పాడుచేస్తున్నారు, అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

సామాను, వేళ

పలక, బలపాలు, రెండు గుప్పెళ్ల చింతపిక్కలు, వెనక్కి తిప్పిన పాత క్యాలెండర్ ఒకటి. అంతే. నోటుపుస్తకం వద్దు, అది తల్లికి చూపించడానికి తప్ప పిల్లాడికి పనికిరాదు. పలక మీద తప్పు రాస్తే తుడిస్తే పోతుంది, పుస్తకంలో ఎర్ర సిరా మిగిలిపోతుంది. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపు ముగించాలి. సాయంత్రం పెట్టే వాళ్లున్నారు, ఉక్కపోతలో పిల్లలూ చదవరు, మీరూ ఓపిక పట్టరు. ముందు చద్దన్నం పెట్టండి, అక్షరాలు తర్వాత.

ఎవరికి ఎంత

ఒకటి, రెండు తరగతులకు భాష, లెక్కలు చాలు. మూడు నుంచి ఐదు దాకా పరిసరాలు కలపండి. కొలత కావాలంటే చిన్నపిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలున్నాయి. ఒకటో తరగతి అయ్యేసరికి 99 దాకా అంకెలు, రెండుకి 999, మూడుకి 9999. మూడో తరగతి పిల్లవాడు అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలి. ఆ అరవై మాటలు వాడు బడిలో చదివే భాషకి. తెలుగులో నలభై రోజుల్లో అరవై రావాలని గడియారం పట్టుకుని కూర్చోకండి. పదిహేను వస్తే నేను పకోడీలు వేయించి పెడతాను.

అసలు చిక్కు: పనస, పొణొసొ

ఇక్కడ తొందరపడకండి. నేను దీనికే పది రోజులు తీసుకుంటాను. మూడు రోజుల్లో ముగించామని చెప్పేవాళ్ల పిల్లల్ని తర్వాత నేనే మొదట్నుంచీ చూసుకోవాల్సొచ్చింది.

ఒడియాలో అ అనే అక్షరాన్ని మన ఒకి దగ్గరగా పలుకుతారు. జగన్నాథ అని రాసి జొగొన్నాథొ అంటారు. ఒడియా బడిలో రెండేళ్లు కూర్చున్న పిల్లాడికి హల్లు కనబడగానే నోరు గుండ్రంగా తిరుగుతుంది. వాడికి పలక అని రాసి చూపిస్తే పొలొకొ అంటాడు. మీరు "పొ కాదురా, ప, ప" అని అరుస్తారు. వాడు మళ్లీ పొ అంటాడు. మొండితనమనుకుంటారు. కాదు, వాడు ఆ అక్షరాన్ని బడిలో నేర్పినట్టే చదువుతున్నాడు.

ఇది సగమే. మీరు నోటితో పలాస అని చెప్పి రాయమనండి. పాలాసా అని రాస్తాడు. ఎందుకంటే మన పొట్టి అకి దగ్గరగా ఉండే శబ్దం ఒడియాలో వాళ్ల ఆనే. పైగా ఒడియా మాటలో హ్రస్వం, దీర్ఘం తేడా చెవికి పెద్దగా తెలియదు, రాతలోనే మిగిలింది. అంటే ఒకే పిల్లాడు చదివేటప్పుడు ఒత్వం కలుపుతాడు, రాసేటప్పుడు దీర్ఘం కలుపుతాడు. రెండు తప్పులకీ వేరు ఒక్కటే, కానీ మందు వేరువేరు. చాలామంది రెంటికీ ఒకే మందు వేస్తారు: పదిసార్లు రాయించడం.

నేను చేసేది ఇది. మొదటి రోజు అక్షరాలే రాయను. పిల్లాడి చేతిలో ఒక పనసపిక్క పెడతాను. మే నెల కదా, ఇంట్లో ఉండనే ఉంటాయి. "బడిలో ఈ కాయని ఏమంటావు?" అని అడుగుతాను. పొణొసొ అంటాడు. "ఇంట్లో అమ్మ ఏమంటుంది?" పనస అంటాడు. తడుముకోడు. అప్పుడు పలక మీద పనస అని మూడు అక్షరాలూ ఒకేసారి రాసి, "ఇది ఇంటి పలక, ఇక్కడ ఇంటి గొంతుతోనే చదవాలి" అంటాను. వాడి నోట్లో రెండు ఉచ్చారణలూ ముందునుంచే ఉన్నాయి, ఏది ఎక్కడ వాడాలో చెప్పేవాళ్లే లేరు. ఆ రోజంతా అలాంటి మాటలే: తల, వల, కల, మర, పడవ. ఒక్క గుణింతం గుర్తు కూడా లేని మాటలు. మాట ముందు వాడి నోటి నుంచి రావాలి, ఆ తర్వాతే పలక మీదికి. మీరు రాసి చదవమన్నారో, పొలొకొ మళ్లీ మొదలు.

ఇక జాగ్రత్తలు. తెలుగు అక్షరం కింద ఒడియా అక్షరం రాసి పెట్టకండి. కింద చూసి పైది గుర్తుపడతాడు కదా, సులువు కదా అంటారు. గుర్తుపడతాడు నిజమే, కానీ ప్రతిసారీ ఒడియా మీంచి తెలుగులోకి వస్తాడు, వచ్చేటప్పుడు ఆ ఒని కూడా వెంట తెచ్చుకుంటాడు. నేనూ మొదటి రెండేళ్లూ ఇదే చేశాను. మూడో తరగతి పిల్ల ఒకతె, అక్షరాలన్నీ కింద ఒడియాతో సహా ముత్యాల్లా రాసింది, నాకు ఎంత గర్వమో. సెలవులు సగమయ్యాక బస్టాండుకి తీసుకెళ్లి ఒక బోర్డు చూపించి చదవమన్నాను. పొలాసొ అంది గట్టిగా. బస్సు దగ్గర నిలబడ్డవాళ్లు పడీపడీ నవ్వారు. ఆ పిల్ల ఆ ఏడు మళ్లీ మా అరుగెక్కలేదు. తప్పు నాది, నవ్వు దానికి పడింది.

రెండోది, మొదటి నాలుగు రోజులూ దీర్ఘాలు కలపకండి. ఐదో రోజు నుంచి చిటికెలు. పొట్టి శబ్దానికి ఒక చిటికె, సాగదీసే దానికి రెండు. పలాస అంటే ప ఒకటి, లా రెండు, స ఒకటి, మొత్తం నాలుగు. పిల్లాడు పాలాసా అని రాశాడనుకోండి, తప్పని చెప్పకండి. "నువ్వు రాసినదానికి చిటికెలు వెయ్యి" అనండి. ఆరు వేస్తాడు. "ఇప్పుడు నోటితో చెప్పి వెయ్యి." నాలుగు. వేళ్లు ఆగిపోతాయి, పలక వంక చూస్తాడు, వాడంతట వాడే రెండు దీర్ఘాలు తుడిచేస్తాడు. ఆ తుడుపు వాడి చేత్తోనే జరగాలి, మీ చేత్తో కాదు. ఇలాంటి జంటలు దొరికినన్ని రాసుకోండి: వడ, వాడ. కలం, కాలం. పడు, పాడు.

మూడోది ఎ, ఏ. ఒ, ఓ. ఒడియాలో వీటికి పొట్టి, పొడుగు వేరువేరు అక్షరాలు లేవు, ఒక్కో అక్షరమే. మెడ, మేడ. నెల, నేల. కొన, కోన. ఇవన్నీ రాతలో ఒకటైపోతాయి. పైగా ఒడియాలో ఏత్వం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన వస్తుంది, మనకి నెత్తిన. పిల్లాడు మెడ రాయడానికి ముందు ఎడమవైపు ఏదో గీత గీసి ఆగిపోతే కోప్పడకండి, "టోపీ నెత్తిన పెట్టు" అంటే చాలు. ఈ జంటలకి నాలుగు రోజులు. వాడి మెడ పట్టుకుని చూపించండి, ఎదురింటి మేడ చూపించండి.

క కా కి కీ అని పాటలా పాడించే పద్ధతి నాకు ససేమిరా గిట్టదు. పాట వస్తుంది, చదువు రాదు. మధ్యలో ఆపి "ఇదేంటి?" అంటే మొదట్నుంచి పాడుకుంటూ వస్తారు, చూడండి కావాలంటే. పాతకాలంలో అందరం అలాగే నేర్చుకున్నాం కదా అని మా వదిన వాదిస్తుంది. అప్పుడు చుట్టూ తెలుగే, బడిలోనూ తెలుగే. ఈ పిల్లలకి ఆ వైభోగం లేదు.

ఇంకో మాట. పిల్లాడు ఇంట్లో ఎలా అంటే అలాగే రాయనివ్వండి. వచ్చాడు బదులు వచ్చేడు అని రాస్తే ఏం మునిగిపోదు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊరి రాజావారి బడిలో పాఠాలు చెప్పినవారే. జనం మాట్లాడే భాషే రాతలోకి రావాలని పోరాడారు, కొండల్లో సవరల భాష కూడా నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాశారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి దండ వేసి, ఇంటికొచ్చి పిల్లాడి యాస దిద్దితే ఎలా?

ఒత్తులు మూడో వారంలో. అమ్మ, అన్నం, అక్క, తర్వాత బస్సు, చెట్టు. కింద ఒత్తు పెట్టడం ఒడియాలోనూ ఉంది కాబట్టి తొందరగా పట్టుకుంటారు. సూర్యుడు దగ్గర మాత్రం తడబడతారు, ఎందుకంటే ఒడియాలో ముందొచ్చే రకారం అక్షరం నెత్తినెక్కుతుంది, మనకి ర నిలబడి య కిందికి పోతుంది. రెండు రోజులు ఇవ్వండి.

లెక్కలు

తెలుగులో చెప్పండి, నిజంగా సులువు. 29ని ఒడియాలో ఒణొతిరిశొ అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని. ముప్పై చెవిన పడగానే 39 వేసే పిల్లల్ని చాలామందిని చూశాను. ఇరవై తొమ్మిది అంటే రెండు పదులు, తొమ్మిది ఒకట్లు, మాటలోనే ఉంది. చింతపిక్కలు పదేసి కుప్పలు పెట్టించి, ఒక కుప్ప విడగొట్టించి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం చూపించండి. ఎక్కాలు మాత్రం బడిలో నేర్చిన పొణికియానే చెప్పనివ్వండి, రెండు భాషల్లో బట్టీ ఎందుకు? పెద్ద పిల్లలకి ఊరి లెక్కలివ్వండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది, గుణుపురం దాకా 1931లో వెళ్లింది, ఎన్నేళ్లు పట్టింది? 31 అని చెప్పాక "అంతసేపు ఎందుకు పట్టింది పిన్నీ" అని అడుగుతారు. అదీ పాఠమే.

ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ రోజూ ముగ్గు వేయాలి. చుక్కలు లెక్కపెట్టడం, రెండు వైపులా ఒకేలా రావడం, ఇంతకంటే మంచి లెక్కల క్లాసు నాకు తెలియదు. వీధి చివర ఒడియా వాళ్లింట్లో బియ్యప్పిండి నీళ్లతో ఝొటి వేస్తారు, అదీ చూపించండి.

పరిసరాలు

పుస్తకం తెరవొద్దు. వారానికి ఒక రోజు మహేంద్రతనయ నది ఒడ్డుకి నడిపించండి, ఏడింటిలోపు. వేసవిలో నీళ్లు ఎక్కడున్నాయి, ఇసుక ఎక్కడుంది, గేదెలు ఎటు దిగుతున్నాయి, చూసి వచ్చి క్యాలెండర్ వెనక బొమ్మ గీయాలి. ఈ నీళ్లు వంశధారలో కలుస్తాయి, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ గీత పొడిగించమనండి. రాష్ట్రం సరిహద్దు ఎక్కడ గీయాలని ఎవడో ఒకడు అడుగుతాడు. నదికి తెలియదులే, నువ్వు గీసుకో అంటాను.

ఒడియాని వదలకండి

రోజూ చివరి ఇరవై నిమిషాలు బడి పుస్తకం పైకి చదివించండి. జూన్‌లో వాడు వెళ్లేది ఆ బడికే. ఇక్కడ మాత్రం పొణొసొ అంటే దిద్దకండి, అది ఒప్పే. తెలుగు పాఠానికీ దీనికీ మధ్య పిల్లాణ్ణి లేపి ఒకసారి మంచినీళ్లు తాగి రమ్మనండి, చోటు కూడా మార్చి కూర్చోబెట్టండి. నేను తెలుగు అరుగు మీద, ఒడియా లోపల వసారాలో చెబుతాను.

చివరి పరీక్ష

బడి తెరిచే ముందు వారం పొద్దున్నే బస్టాండుకి తీసుకెళ్లండి. ఒక్కణ్ణే, గుంపుగా వద్దు. మూడు బోర్డులు చదవమనండి: పలాస, టెక్కలి, నరసన్నపేట. టెక్కలి తప్పినా ఫరవాలేదు, ఒత్తు నెల రోజుల్లో అదే సర్దుకుంటుంది. నరసన్నపేట చదువుతూ నొరొ అని మొదలుపెట్టి, ఆగి, మళ్లీ నర అన్నాడంటే పని అయిపోయినట్టే, ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆగకుండా పొలాసొ అని వెళ్లిపోతే ఏమీ అనకండి, నవ్వకండి. రేపు మళ్లీ పనసపిక్క దగ్గర్నుంచి, నాలుగు రోజులు.