పెద్ద సంసారానికి ఏడాది ధాన్యం కొని, ఎండబెట్టి, నిలవ చేసుకోవడం ఎలా?

మా ఇంట్లో పదకొండు మందిమి. అత్తమ్మ, మామ, మా ఆయన, మరిది, మేమిద్దరు తోడికోడళ్లం, నలుగురు పిల్లలు, మా దగ్గరే ఉండే మేనత్త. మాకు సెంటు భూమి లేదు. మా ఆయనది తాపీపని, మరిదిది ఆటో. ఇరవై రెండేళ్లుగా ఇంటి పద్దు నేనే రాస్తున్నాను.

"ఇంతమందికి ఎట్టా సరిపెడతావమ్మా" అని అడిగేవాళ్లందరూ కూరగాయల దగ్గర మొదలుపెడతారు. వంకాయలు ఎక్కడ చవక, నూనె ఏ కొట్లో తక్కువ అని. అక్కడ మిగిలేది నెలకు మూడొందలో నాలుగొందలో. అసలు ఖర్చు తేలేది ఏప్రిల్ నెలలో, ధాన్యం రాశి దగ్గర. ఆ పది రోజులు ఒళ్లు వంచి పనిచేస్తే మిగతా సంవత్సరమంతా ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ పని చాలామంది చెడగొట్టుకుంటున్నారు. మా వీధిలోనే ఏటా ఒకరిద్దరి ధాన్యం ముక్కిపోతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క

మాది కోవూరు పక్క పల్లె. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి ధాన్యం ఆడిస్తే క్వింటాకు 65 కిలోల లెక్కన 550 కిలోల బియ్యం వస్తాయి. (ప్రభుత్వం మిల్లర్లకు ఇచ్చే ధాన్యానికి క్వింటాకు 67 కిలోలు లెక్క కడుతుంది. పల్లెటూరి చిన్న మిల్లులో అంత ఆశించవద్దు.) మాకు రోజుకు మూడు కిలోల బియ్యం, ఏడాదికి సుమారు 1,100 కిలోలు. అంటే రెండు పుట్లు. కార్డు మీద మనిషికి ఐదు కిలోల చొప్పున వచ్చే బియ్యం ఇందులో కలపలేదు. అవి దోసెలకు, ఇడ్లీలకు.

మనిషికి ఇంత అని ఎవరో చెప్పిన లెక్క పట్టుకోకండి. ఒక డబ్బా పెట్టుకుని, ఎసట్లో పోసే ప్రతిసారీ గోడమీద గీత గీయండి. నెల తిరిగాక మీ ఇంటి లెక్క మీకే తెలుస్తుంది.

డబ్బు

2025-26లో ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. ఆ లెక్కన పుట్టి 20,300, రెండు పుట్లు 40,600. బియ్యం కిలో 37 రూపాయలు పడుతుంది. దానిపైన బాడుగ, ఆడించే కూలి. సన్నరకాలకు ధర కొంచెం అటూ ఇటూ అవుతుంది. కొట్లో బస్తా ధరను 26తో భాగించి చూసుకోండి. (బస్తా 25 నుంచి 26 కిలోలకు ఎందుకు పెరిగిందంటే, 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగుకు జీఎస్టీ పడుతోంది, అది దాటితే పడదు.)

నలభై వేలు ఒక్కసారిగా ఎక్కడినుంచి తెస్తాం? మార్చిలో చేతికొచ్చేటట్టు చీటీ వేసుకోవాలి, లేదా పొదుపు సంఘంలో తీసుకోవాలి. నూటికి మూడు రూపాయల వడ్డీకి మాత్రం తేవద్దు. నలభై వేలకు పది నెలల్లో పన్నెండు వేల వడ్డీ అవుతుంది, మన కష్టమంతా వాడికే పోతుంది. 1992 ప్రాంతంలో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, మా జిల్లాలో రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. మా అత్తమ్మ మొట్టమొదట ఏడాది గింజలు కొన్నది ఆ పొదుపు డబ్బుతోనే. అంతకుముందు ఆమె రోజూ సాయంత్రం కొట్లో సోలెడు బియ్యం అప్పు తెచ్చేది.

సామాను

రెండు పెద్ద పట్టాలు, చిల్లుల్లేని గోనె సంచులు పాతిక, దబ్బనం, పురికొస, నాలుగు చెక్కలు, ఇటుకలు, మూతున్న గాజుసీసా ఒకటి, గుప్పెడు ఉప్పు. అంతే.

ధాన్యం ఎంచుకోవడం

సాంబ మసూరి అని పిలుచుకునే బీపీటీ 5204, లేకపోతే మా నెల్లూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449. ఈ రెండే కొనండి. మామ ఇప్పటికీ మొలగొలుకుల బియ్యం గురించే చెబుతారు. అవి ఇప్పుడు మాకు దొరకడం లేదు. లావు రకం అగ్గువని తెస్తే పిల్లలు కంచంలో వదిలేస్తారు, ఆ మిగులు కుడితి తొట్లోకి పోతుంది.

కొనేది తెలిసిన రైతు దగ్గరే, కళ్లంలోనే కొనాలి. ఇక్కడొక లెక్క ఉంది, జాగ్రత్తగా చదవండి. మిషన్ కోసిన ధాన్యంలో ఇరవై శాతం తేమ ఉందనుకోండి. దాన్ని పదమూడు శాతానికి ఎండబెడితే 850 కిలోలు 782 అవుతాయి. పుట్టికి 68 కిలోలు, రెండు పుట్లకు దాదాపు రెండు బస్తాలు (ధాన్యం బస్తా 75 కిలోలు). అంటే మా ఇంట్లో నెల రోజుల తిండి గాలికి పోయినట్టే. అందుకని పచ్చి ధాన్యం తూకం వేయించుకోకండి. "మేమే ఎండబెట్టుకుంటాం, ఎండిన తూకానికి డబ్బులిస్తాం" అని ముందే మాట్లాడుకోండి. ఎండబెట్టే చాకిరీ మనది కాబట్టి రైతు కూడా ఒప్పుకుంటాడు. కానీ తేమ సాకు చెప్పి పుట్టికి తొమ్మిది వందల కిలోలు పోయించుకునే వాళ్లలాగా మనం చేయకూడదు. పంట పండించినవాడిని ముంచి మన పిల్లలకు అన్నం పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఎండబెట్టడం

పని చెడేది ఇక్కడే. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాకా తీసుకుంటారు కదా, మనకూ అంతే చాలని అనుకుంటారు. అది అమ్ముకునే ధాన్యానికి. ఇంట్లో ఏడాది నిలవుండాలంటే పదమూడుకు దిగాల్సిందే.

ధాన్యం చెడడానికి రెండు దారులున్నాయి. తక్కువ ఎండితే ముక్కిపోతుంది. మరీ గబగబా ఎండితే లోపల గింజ చిట్లి, మిల్లులో నూకలవుతుంది. మొదటిదానికి అందరూ భయపడతారు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏప్రిల్ ఎండలో డాబా మీద వట్టి సిమెంటు మీద పలచగా పోసి, పొద్దుననుంచి సాయంత్రం దాకా వదిలేసి, ఒక్కరోజులో ఎండిపోయిందని మురిసిపోతారు. పైన ఎండ, కింద సిమెంటు సెగ. మా తోడికోడలు వచ్చిన కొత్తలో అట్టా ఎండబెట్టింది. అక్టోబరులో ఆడిస్తే బస్తాకు మూడో వంతు నూకలే. పాపం ఆ పిల్ల మిల్లు దగ్గరే ఏడ్చింది. ఆ రోజు ఆమెకు చెప్పినదే మీకూ చెబుతున్నాను.

పట్టా పరిచి, ధాన్యం రెండు వేళ్ల మందాన పోయండి. పొద్దున ఎనిమిదింటికి పరచాలి. అరగంటకోసారి చెప్పుల్లేకుండా అందులోకి దిగి, కాళ్లు ఈడ్చుకుంటూ ఈ చివరినుంచి ఆ చివరికి నడవాలి. అరికాలు ముందు సాళ్లు సాళ్లుగా అడుగు గింజ పైకి వస్తుంది. మొదటి రోజు ఆ అడుగు గింజ కాలికి చల్లగా, కాస్త జిగటగా తగులుతుంది. మూడో రోజుకు పైదీ కిందదీ ఒకే వేడిలో ఉంటాయి, నడుస్తుంటే గలగలమని చప్పుడొస్తుంది. పార కన్నా కాలు బాగా చెబుతుంది. పదకొండింటికి రాశి చేసి పట్టా కప్పేయండి. మిట్టమధ్యాహ్నం ఎండ తగలనివ్వవద్దు. కప్పిన రాశిలో లోపలి తేమ పైపొట్టు దాకా వస్తుంది. మూడింటికి మళ్లీ పరచి, ఐదున్నర దాకా ఉంచండి. ఇట్టా మూడు రోజులు, అవసరమైతే నాలుగు. తారురోడ్డు మీద పోయడం మా ఇంట్లో లేదు, మీరూ పోయకండి. బండ్లు తొక్కి గింజ విరుగుతుంది, రాళ్లు కలుస్తాయి, చీకట్లో వచ్చే బైకులు జారిపడతాయి.

ఎండిందో లేదో మూడు రకాలుగా చూడాలి. మూడూ సరిపోతేనే ఎండినట్టు.

మొదటిది పళ్లతో. నాలుగు చోట్లనుంచి, రాశి అడుగునుంచి కూడా, గింజలు తీసి కొరకండి. కటుక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా పచ్చి.

రెండోది ఉప్పుసీసా. పొడి గాజుసీసాలో మూడో వంతు ధాన్యం పోసి, రెండు చెంచాల ఉప్పు (ముందు పెనం మీద వేయించి చల్లార్చింది) వేసి, మూత పెట్టి రెండు నిమిషాలు ఊపండి. కాసేపు ఆగి చూడండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ ఉంది. జారి కిందికి పడిపోతే పదిహేను శాతం కన్నా దిగినట్టు, పదమూడు అయిందని మాత్రం కాదు. అందుకే తేమ మీటరు ఉన్నవాళ్లు దొరికితే ఒకసారి చూపించుకోండి.

మూడోది వెలుతురులో. పది గింజలు గోటితో వలిచి, లోపలి బియ్యపు గింజను ఎండకెదురుగా పట్టుకుని చూడండి. నడుమ అడ్డంగా వెంట్రుకంత గీత కనిపిస్తే గింజ చిట్లింది. పదిలో ఒకటి రెండు పర్వాలేదు. నాలుగైదు ఉంటే మీ ఎండ ఎక్కువైంది, మరుసటి రోజునుంచి పొద్దుటి ఎండే తగలనివ్వండి.

అన్నీ బాగున్నా చివర్లో ఒక తప్పు చేస్తారు. ఎండలోనుంచి తీసిన ధాన్యం వేడివేడిగానే సంచుల్లో పోసి మూతి కుట్టేస్తారు. నేను కాపురానికొచ్చిన రెండో ఏడు ఆ తప్పు నేనే చేశాను. సాయంత్రం మబ్బు పట్టింది. వాన వస్తుందని గబగబా ఎత్తేశాను. వాన రానేలేదు. జ్యేష్ఠమాసంలో సంచిలో చెయ్యి పెడితే లోపల జ్వరమొచ్చిన ఒళ్లులాగా ఉంది. ఆడిస్తే బియ్యం పసుపుపచ్చగా, అన్నం ముక్కిపోయిన వాసన. కొత్తవి కొనే డబ్బు లేదు. మామ ఒక్క మాట అనలేదు, మజ్జిగ ఎక్కువ పోసుకుని తినేవారు. ఆయన అట్టా తింటుంటే చూడలేకపోయేదాన్ని. ఇప్పటికీ సంచి కుట్టేముందు మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తాను.

కాబట్టి చివరి రోజు ఎండ తగ్గాక ధాన్యాన్ని పట్టా మీదే పలచగా వదిలేయండి. చేతికి చల్లగా తగిలాకే, మంచు దిగకముందే ఎత్తండి. మబ్బు పట్టినా కంగారుపడవద్దు. రాశి చేసి రెండు పట్టాలూ కప్పి, మరుసటి రోజు మళ్లీ పరచుకోవచ్చు. ఒకరోజు ఆలస్యమైతే ఏమీ పోదు. బూజు కనిపించిన గింజను మాత్రం పారేయాల్సిందే. గొడ్లకు కూడా పెట్టకండి.

నిలవ

గోనె సంచులే వాడండి, ప్లాస్టిక్ సంచులు వద్దు. ఇటుకల మీద చెక్కలు వేసి, గోడకు జానెడు దూరంగా పేర్చాలి. సంచుల మధ్య నీడన ఎండిన వేపాకు వేయండి. పురుగుకని మందు గోళీలు తెచ్చి ఇంట్లో పెట్టేవాళ్లున్నారు. వాటినుంచి వచ్చే విషవాయువు పక్క గదిలో పడుకున్న మనుషుల్నే చంపుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ మాటే ఎత్తవద్దు.

బియ్యంగా నిలవ చేయకండి, ధాన్యంగానే ఉంచండి. బియ్యానికి ముక్కపురుగు ఊరికే పడుతుంది, పొట్టు ఉంటే అంత తొందరగా పట్టదు. పొట్టులో ఆరు నెలలు మాగితే పాతబియ్యం అవుతాయి. ఎసరు ఎక్కువ తీసుకుంటాయి, అన్నం పొడిపొడిగా విచ్చుకుని గిన్నె నిండుతుంది. కొత్తబియ్యం మెత్తబడి ముద్దవుతుంది, అదే డబ్బా బియ్యానికి ఇద్దరికి తక్కువొస్తుంది. మొదటి ఏడాది మాత్రం అక్టోబరు దాకా కొట్లో పాతబియ్యం కొనక తప్పదు.

ఆడించడం, వండడం

నెలకు రెండు బస్తాలు, అంటే 150 కిలోలు, ఆడిస్తే మాకు సరిపోతాయి. ఎవరో ఒకరు దగ్గర నిలబడాలి. నూకలు అడిగి తెచ్చుకోవాలి, ఉప్పుడుపిండికి అవే. తవుడు మిల్లుకే వదిలితే మా ఊళ్లో కూలి తీసుకోరు, గేదె ఉన్నవాళ్లు తెచ్చుకోవచ్చు. మల్లెపూవులా తెల్లగా కావాలని రెండుసార్లు పాలిషు పట్టించకండి. గింజ అరిగిపోతుంది, బలమూ తవుడుతోనే పోతుంది. వండేది గంజి వార్చే గిన్నెలోనే. కుక్కర్లో ఇంతమందికి అన్నం విచ్చుకోదు. ఆ గంజి ఉప్పు వేసి ముసలివాళ్లకూ పిల్లలకూ ఇస్తాం.

మిగతా సరుకులు

ఇవి తేలిక. కందులు మా పుట్టింటి వైపు కనిగిరిలో పంట దిగిన ఫిబ్రవరిలో తెచ్చి, తిరగలిలో పప్పు విసురుకుంటాం. చింతపండు ఎండాకాలం మొదట్లో గింజతో కొని, వలిచి, ఉప్పు చల్లి జాడీలో అదిమిపెడతాం. ఎండుమిరపకాయలు కూడా అప్పుడే. వారానికి రెండు రోజులు ఎండు నెత్తళ్లు వంకాయలో వేసి పులుసు. పావుకిలోతో పదకొండు మందికీ కంచం నిండా కూర అవుతుంది. మిగతా రోజులు పప్పో, గోంగూరో, మజ్జిగపులుసో, ఏదైనా ఒకటి, దానితో పచ్చడి. రాత్రి మిగిలిన అన్నం పొద్దున మజ్జిగ, ఉల్లిపాయతో చద్దన్నం.

కొత్త ధాన్యం వచ్చేసరికి ఇంట్లో పాతవి సగం ఉంటాయి, మాకైతే పన్నెండు బస్తాల దాకా. రెండూ కలిసిపోతే చేసిందంతా వృథా అవుతుంది. ప్రతి సంచి మీద సుద్దముక్కతో సంవత్సరం రాయండి. కొత్తవి లోపలి గోడ వైపు పేర్చి, పాతవి తలుపు దగ్గరికి జరపండి. అప్పుడు పొద్దున్నే ఆటోలో మిల్లుకు బయల్దేరే మరిది లైటు వేయకుండా సంచి ఎత్తినా పాతదే చేతికి వస్తుంది.