నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో కార్తీక భోజనాలు: ఇరుగుపొరుగు కలిసేలా పెట్టుకోవడం ఎలా

లిఫ్టులో రోజూ ఎదురుపడతారు, పేరు మాత్రం తెలియదు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా అపార్ట్‌మెంట్లలో ఇదే వరస. కార్తీక మాసంలో ఒక పూట భోజనాలు దీనికి మంచి మందు. ఒక్క షరతు: క్యాటరింగ్ పెట్టించకూడదు. క్యాటరింగ్ భోజనానికి అందరూ అతిథుల్లా వస్తారు, తిని వెళ్లిపోతారు. పరిచయాలు కుదిరేది పనిలో.

రోజు. కార్తీకం దీపావళి మర్నాటి పాడ్యమి నుంచి మళ్లీ అమావాస్య దాకా. మొదటి వారంలో చాలామంది ఊళ్లనుంచి ఇంకా రారు. సోమవారాలు ఉపవాసాలు. రెండో ఆదివారమో, మూడోదో పెట్టుకోండి. ఆ రోజు ఏకాదశి పడిందేమో పంచాంగం చూడండి. ఉసిరి చెట్టు లేదని బెంగ అక్కర్లేదు, కుండీలో మొక్క టెర్రస్ మీద పెడితే చాలు. పూజ 10:30కి, భోజనాలు 12 గంటలకి అని విడివిడిగా చెప్పండి. పూజకు రాని ఇళ్లవాళ్లు మొహమాటం లేకుండా భోజనానికి వస్తారు.

పిలుపు. వాట్సాప్ గ్రూపులో పోస్టు పెట్టి ఊరుకుంటే సగం ఇళ్లవాళ్లు చూడనే చూడరు. మూడు వారాల ముందు, సాయంత్రం 6 నుంచి 8 మధ్య, ఇద్దరు కలిసి గడపగడపకీ వెళ్లండి. ఆ ఇద్దరిలో ఒకరు సొంత ఫ్లాటువారు, ఒకరు అద్దెకున్నవారు అయితే మంచిది. అసోసియేషన్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: ఓనర్లని పిలిచి అద్దెవాళ్లని వదిలేస్తారు, తీరా చూస్తే ఆ గోడల మధ్య ఉండేది వాళ్లే. తెలుగు రాని ఇంట్లో హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పండి. పేరు, ఎంతమంది వస్తారు, ఏం వండగలరు, ఈ మూడూ రాసుకుంటే చాలు. "మీరేమిట్లు?" అని కులం అడిగే ప్రశ్న మాత్రం నోట రాకూడదు, ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది.

కొలతలు. నలభై ఇళ్లలో ముప్ఫై వచ్చి, ఇంటికి ముగ్గురు చొప్పున 90 మంది అనుకుందాం. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్లుంటారు, కాబట్టి అన్నీ అవి లేకుండానే.

- పులిహోర: 4 కిలోల బియ్యం, నాలుగిళ్లు
- కందిపప్పు: మూడున్నర కిలోలు, నాలుగిళ్లు
- కూర: 8 కిలోల వంకాయ లేదా దొండకాయ, నాలుగిళ్లు
- పచ్చడి: కిలో, రెండిళ్లు
- చారు: 10 లీటర్లు, మూడిళ్లు
- గారెలు: 200, ఐదిళ్లు
- పరమాన్నం: కిలో బియ్యం, 6 లీటర్ల పాలు, నాలుగిళ్లు
- అప్పడాలు, వడియాలు: మిగిలిన నాలుగిళ్లు

తెల్లన్నానికి 9 కిలోల బియ్యం, 14 లీటర్ల పెరుగు, 110 విస్తరాకులు, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఆరు ఉమ్మడి డబ్బుతో కొనండి. మెయింటెనెన్స్ డబ్బు ముట్టుకోవద్దు. మనిషికింత అని విడిగా వసూలు చేసి, ఐదేళ్లలోపు పిల్లలను లెక్కలోంచి తీసేయండి.

వంటకాన్ని, కొలతని చీటీ మీద రాసి ప్రతి ఇంటికీ ఇవ్వండి. "మీకు తోచింది తెండి" అన్నారో, పది పులిహోరలు వస్తాయి, చారు ఒక్కరూ తేరు. ఒకే వంటకం చేసే ఇళ్లు వేర్వేరు అంతస్తులవై ఉండాలి. చింతపండు పులుసు ఎవరు తీస్తారు, ఉప్పు ఎంత అని వాళ్లు ఒకరికొకరు ఫోన్ చేసుకోక తప్పదు. మనకి కావలసింది ఆ ఫోనే.

శనివారం సాయంత్రం. అసలు పండగ ఇదే. 6 గంటలకి కింద ఖాళీ జాగాలో చాపలు పరిచి, కత్తిపీటలూ చాకులూ ఎవరివి వాళ్లు తెచ్చుకోమనండి. ఎనిమిది కిలోల దొండకాయలు పది చేతులు పడితే గంటన్నర పని. చేతులు ఆడుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి. వంకాయైతే రాత్రే తరిగితే నల్లబడుతుంది, దాన్ని ఉదయానికి వదిలి అల్లం, పచ్చిమిర్చి, కొబ్బరి తురుము పని చూడండి. కొబ్బరి పచ్చడి మాత్రం ఉదయమే నూరాలి, ముందు పాడయ్యేది అదే.

ఆదివారం. తెల్లన్నం వండే పని మగవాళ్లకి అప్పగించండి, లేకపోతే మొత్తం భారం ఆడవాళ్ల మీదే పడుతుంది, వచ్చే ఏడు ఎవరూ ముందుకు రారు. గ్యాస్ పొయ్యి ఆరుబయటే పెట్టండి, బళ్లు నిలిపే సెల్లార్‌లో వద్దు. పక్కన రెండు బకెట్ల ఇసుక ఉంచండి. పులిహోర అన్నం పళ్లెంలో పరిచి చల్లారాకే కలపాలి, వేడి మీద కలిపితే ముద్దవుతుంది. పెరుగు వడ్డించే దాకా నాలుగిళ్ల ఫ్రిజ్‌లలో ఉండనివ్వండి.

బఫే వద్దు. బఫేలో ఎవరి కుటుంబం వాళ్లు ఒక మూల చేరతారు. పంక్తికి 30 మంది చొప్పున మూడు పంక్తులు, ఒక్కోదానికి 40 నిమిషాలు. వడ్డనకి కుర్రాళ్లు ఎనిమిది మంది. పిల్లలు, పెద్దవాళ్లు, వాచ్‌మన్ కుటుంబం, పనిచేసే ఆయాలు మొదటి పంక్తిలో. వాచ్‌మన్ కుటుంబానికి చివర్లో మిగిలింది గిన్నెలో పెట్టి ఇస్తే అంతవరకూ చేసిందంతా వృథా.

తర్వాత. రెండు రోజుల్లోపు ఖర్చు లెక్క, బిల్లులు లిఫ్టు పక్కన బోర్డు మీద అంటించండి. ఆలస్యమైతే గుసగుసలు మొదలవుతాయి. మిగిలే డబ్బుతో ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి, ఇంటికి నలభై రూపాయలు తిరిగి పంచడం తలనొప్పి.

గిన్నెల మీద ముందే ఫ్లాట్ నంబరు రాయించండి. అయినా రెండు మూడు మిగిలిపోతాయి. గ్రూపులో ఫొటో పెట్టి "ఎవరిది?" అని అడగకండి. పిల్లలతో ఇంటింటికీ పంపి కనుక్కోండి, తెలిశాక ఖాళీగా ఇవ్వకుండా ఏ నాలుగు జామకాయలో వేసి పంపండి.