1031 ఎక్స్ఛేంజ్: ఇల్లు అమ్మకానికి పెట్టకముందే బేసిస్ లెక్క చూసుకోండి

అమెరికాలో అద్దెకిచ్చిన ఇల్లు అమ్మి ఇంకోటి కొనేటప్పుడు మనవాళ్లలో వినిపించే మాట, "1031 చేస్తే టాక్స్ ఉండదట." 1031 అంటే అమెరికా టాక్స్ చట్టంలోని సెక్షన్, ఒక ఆస్తి అమ్మి ఇంకో ఆస్తిలోకి మారేటప్పుడు వర్తిస్తుంది. టాక్స్ ఉండకపోవడం కాదు, వాయిదా పడుతుంది. ఆ లాభం కొత్త ఆస్తి బేసిస్‌లో (టాక్స్ లెక్కకు ఆస్తి ఖరీదుగా తీసుకునే మొత్తంలో) దాక్కుని మీ వెంటే వస్తుంది.

లెక్క చూడండి. రెంటల్ ఇల్లు 3 లక్షల డాలర్లకు కొన్నారు. అందులో స్థలం 80 వేలు, కట్టడం 2.20 లక్షలు. స్థలానికి డిప్రిసియేషన్ (ఏటా తరుగుదల కింద తీసేసే మొత్తం) లేదు. కట్టడానికి 27.5 ఏళ్లు, అంటే ఏడాదికి 8 వేలు. కొన్న 3 లక్షల్లోంచి పదేళ్లకు 80 వేలు తీసేస్తే మిగిలిన బేసిస్ 2.20 లక్షలు. "నేనెప్పుడూ డిప్రిసియేషన్ చూపించలేదు కదా" అంటే కుదరదు. తీసుకోకపోయినా తీసుకున్నట్టే అమెరికా టాక్స్ శాఖ ఐఆర్ఎస్ లెక్క కడుతుంది. ఫారం 3115తో సరిదిద్దుకునే దారి ఉంది, సీపీఏని (టాక్స్ అకౌంటెంట్‌ని) ముందే అడగండి.

ఇప్పుడు 5 లక్షలకు అమ్మారు. ఖర్చులు పక్కన పెడితే లాభం 2.80 లక్షలు. ఇంకో లక్ష కలిపి 6 లక్షల ఇల్లు కొన్నారు. దాని బేసిస్ 6 లక్షలు కాదు, 3.20 మాత్రమే: పాత 2.20, పైన పెట్టిన లక్ష. ఇకమీదట డిప్రిసియేషన్ కూడా దీనిమీదే, అదీ స్థలం వాటా పోగా. పెద్ద ఇల్లు కొంటే డిప్రిసియేషన్ బోలెడు వస్తుందని వేసుకున్న ప్లాన్లు ఇక్కడే తలకిందులవుతాయి.

అదే 4.70 లక్షల ఇల్లు కొని 30 వేలు చేతికి తీసుకుంటే, ఆ 30 వేలకు ఆ ఏడాదే టాక్స్. దీన్ని "బూట్" అంటారు. డబ్బు చేతికి రాకపోయినా బూట్ పడొచ్చు, చాలామంది మర్చిపోయేది ఇదే. పాత లోన్ 2 లక్షలుండి కొత్తది లక్షన్నరే తీసుకుంటే, తగ్గిన 50 వేలను సొంత డబ్బుతో పూడ్చాలి. లేదంటే అదీ బూటే.

అమ్మిన డబ్బు మీ ఖాతాలో ఒక్కరోజు పడినా ఎక్స్ఛేంజ్ చెడిపోతుంది. క్లోజింగ్‌కి (అమ్మకం పూర్తయ్యే రోజుకి) ముందే క్వాలిఫైడ్ ఇంటర్మీడియరీని, అంటే ఆ డబ్బు మీ బదులు పట్టుకునే మధ్యవర్తిని, పెట్టుకోండి. గత రెండేళ్లలో మీ టాక్సులు చూసిన సీపీఏ ఆ పని చేయకూడదు.

డాలస్‌లో ఇల్లు అమ్మి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే 1031 వర్తించదు. అమెరికా ఆస్తికి అమెరికా ఆస్తే కావాలి. మీరు ఉంటున్న ఇల్లూ లెక్కలోకి రాదు. వ్యాన్లు, మెషీన్లు 2018 నుంచి లేవు, స్థిరాస్తి ఒక్కటే.

అమ్మిన రోజు నుంచి 45 రోజుల్లో కొత్త ఆస్తిని రాతపూర్వకంగా గుర్తించాలి, 180 రోజుల్లో కొనేయాలి. శనాదివారాలూ కలిపే. నవంబరులో అమ్మితే మాత్రం టాక్స్ రిటర్ను వేయాల్సిన ఏప్రిల్ 15 గడువు 180 రోజులకంటే ముందే వస్తుంది. ఆలోపు కొనడం పూర్తికాకపోతే రిటర్ను వేసేయకండి, ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) పెట్టండి. కొన్నాక రిటర్నును ఎక్స్ఛేంజ్ వివరాలు చూపే ఫారం 8824తో కలిపి వేయొచ్చు.