తూటా తగిలితే మనిషి ఎగిరి పడతాడా? స్టాపింగ్ పవర్ కబుర్లకి లెక్క కట్టడం ఎలా

తుపాకుల కబుర్లు మొదలైతే ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు ‘స్టాపింగ్ పవర్’ అనేస్తారు, అంటే తగిలిన మనిషిని అక్కడికక్కడే ఆపేసే సత్తా. పాయింట్ ఫార్టీఫైవ్ (0.45 అంగుళాల లావు) తూటా తగిలితే ఏనుగైనా కూలాల్సిందే, నైన్ ఎంఎం (9 మిల్లీమీటర్లు) అంటే దోమకాటు, మన సైన్యం రైఫిల్ ఇన్సాస్ గాయం చెయ్యడానికే తప్ప మనిషిని ఆపలేదు, ఇలా. మా బావ అయితే తుపాకీని ఏనాడూ ముట్టుకోకుండానే ఈ సబ్జెక్టులో డాక్టరేట్ చేసేశాడు. ఇలాంటి మాట చెవిన పడ్డప్పుడు నమ్మాలా వద్దా తేల్చుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఫోన్లో క్యాలిక్యులేటర్, పదో తరగతి ఫిజిక్స్, కాస్త అనుమానబుద్ధి ఉంటే చాలు.

ముందు ఈ ఎగిరిపడటం సంగతి చూడండి. తూటా బరువుని దాని వేగంతో గుణిస్తే అది ఇచ్చే తోపు ఎంతో వస్తుంది. నైన్ ఎంఎం తూటా సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 360 మీటర్లు అనుకోండి. 0.008 × 360 = 2.88. దీన్ని 70 కిలోల మనిషి బరువుతో భాగిస్తే 0.04. అంటే తూటా ఒంట్లోనే ఆగిపోయినా సరే, మనిషి వెనక్కి జరిగే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు! బావ మెచ్చిన ఫార్టీఫైవ్‌కి కూడా కట్టండి: 15 గ్రాములు, 255 మీటర్లు, చివరికి వచ్చేది సెకనుకు ఐదున్నర సెంటీమీటర్లు. ఇప్పుడు క్రికెట్ బంతి. 160 గ్రాములు, గంటకి 140 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 39 మీటర్లు. గుణిస్తే 6.2, నైన్ ఎంఎం తూటాకి రెట్టింపు కన్నా ఎక్కువ. ఆ బంతి హెల్మెట్‌కి తగిలిన బ్యాట్స్‌మన్ ఎగిరి బౌండరీ అవతల పడటం మీరెప్పుడైనా చూశారా?

లెక్కలంటే చిరాకైతే న్యూటన్ మూడో నియమం తల్చుకోండి. తూటా ముందుకి ఎంత తోపుతో పోతుందో తుపాకీ వెనక్కి అంతే తంతుంది, గొట్టంలోంచి వచ్చే గ్యాస్‌తో కలిపి ఇంకాస్త ఎక్కువే. ఎదుటివాడు గాల్లో లేచాడంటే కాల్చినవాడు కూడా లేవాలి. మన సినిమాల్లో లేచేది విలన్ ఒక్కడే.

ఇక్కడ బావ లాంటి వాళ్ళు ‘తోపు కాదు, ఎనర్జీ చూడు’ అంటారు. సరే, చూద్దాం. అదే నైన్ ఎంఎం తూటా శక్తి 520 జౌళ్ళ దగ్గర్లో ఉంటుంది. ఆ శక్తంతా వేడిగా మారితే 100 మిల్లీలీటర్ల నీళ్ళు ఒకటిన్నర డిగ్రీ కూడా వేడెక్కవు, చాయ్ కాచుకోవడానికి కూడా పనికిరాదు. అలాగని తూటా ప్రమాదం లేనిదని కాదు, మహా ప్రమాదం. కానీ ప్రాణం తీసేది జౌళ్ళ అంకె కాదు, తూటా ఎక్కడ తగిలింది, ఎంత లోతుకి పోయింది, దారిలో ఏం చీల్చింది అన్నవి. మనిషి వెంటనే కుప్పకూలితే మెదడో వెన్నుపామో దెబ్బతిని ఉండాలి, లేదా భయంతో పడిపోయి ఉండాలి. గుండెకే తగిలినా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో 10, 15 సెకన్లు కదలగలడని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1989లోనే రాసుకుంది.

తర్వాత పని, అంకెలు చూపించేవాళ్ళని ‘ఏం కొలిచారు?’ అని అడగడం. అన్నిట్లో ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఫార్టీఫైవ్ పురాణం ఎక్కడ పుట్టిందో చూడండి. ఫిలిప్పీన్స్‌లో తమని ఎదిరించిన మోరో (అక్కడి ముస్లిం) యోధుల మీద పాయింట్ 38 రివాల్వర్లు పనిచెయ్యట్లేదని అమెరికా సైనికులు మొత్తుకుంటే, 1904లో థాంప్సన్, లగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో పశువధశాలలో పరీక్షలు పెట్టారు. మనుషుల శవాలని వేలాడదీసి కాల్చి ఎంత ఊగుతున్నాయో చూశారు. పశువుల్ని కాల్చి ఎప్పుడు పడతాయో చూశారు, ఎన్ని తగిలినా పడని వాటిని సుత్తితో కొట్టి చంపారు. ఇంత గందరగోళం నుంచి తేల్చింది మాత్రం పాయింట్ 45కి తగ్గకూడదు అని. శవం ఊగడానికీ ప్రాణమున్న మనిషి ఆగడానికీ సంబంధం ఏమిటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు పరీక్షల్లో తూటాలు కాల్చేది జెల్ దిమ్మలోకి. చూడ్డానికి మన జున్ను ముక్కలా ఉంటుంది, 10 శాతం జెలటిన్, 4 డిగ్రీల చల్లదనంలో. 1986లో మయామీ కాల్పుల్లో ఎఫ్‌బీఐ ఇద్దరు ఏజెంట్లని పోగొట్టుకుంది, నిందితుడికి తగిలిన ఓ నైన్ ఎంఎం తూటా గుండె దాకా పోకుండా ఆగిపోయింది. అప్పట్నుంచి వాళ్ళకి కావాల్సింది జెల్‌లో 12 నుంచి 18 అంగుళాల లోతు. మొదట పది ఎంఎంకి, తర్వాత పాయింట్ 40కి మారి, తూటాల తయారీ మెరుగుపడ్డాక తిరిగి నైన్ ఎంఎంకే వచ్చారు. అయితే జెల్‌కి ఎముకల్లేవు, భయం లేదు. లోతు చెబుతుంది, తూటా ఎంత విచ్చుకుందో చెబుతుంది, అంతే. జెల్ వీడియో చూపించి ‘మనిషి ఒక్క దెబ్బకి పడతాడు’ అంటే అది జెల్ చెప్పిన మాట కాదు.

‘ఒక్క తూటాకే 90 శాతం మంది ఆగిపోయారు’ లాంటి పట్టికలతో మరీ జాగ్రత్త. అమెరికాలో 1990ల్లో తెగ తిరిగిన ఇలాంటి లెక్కల్లో, రెండో తూటా కాల్చాల్సొచ్చిన కేసుల్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలే ఫ్లెక్సీ మీద వేసి ‘మా కోచింగ్‌లో అందరూ టాపర్లే’ అన్నట్టు.

మరి మన ఇన్సాస్? దాని 5.56 మిల్లీమీటర్ల తూటా సుమారు 4 గ్రాములు, వేగం 900 మీటర్లు. గుణిస్తే 3.6. పెద్ద 7.62 మిల్లీమీటర్ల తూటాకి 9.5 గ్రాములు, 840 మీటర్లు, వచ్చేది 8. ఈ తేడా ముందు తెలిసేది కాల్చేవాడి భుజానికి. చిన్న తూటా తగిలినా శత్రువు ఆగట్లేదన్న ఫిర్యాదు కొత్తదేం కాదు, 1890ల్లో బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దులో పాయింట్ 303 రైఫిల్ తూటా గురించీ ఇదే అన్నారు. అప్పుడే కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో విచ్చుకునే తూటాలు చేశారు, 1899లో హేగ్ ప్రకటన యుద్ధంలో వాటి వాడకాన్ని నిషేధించింది. 2019లో మన సైన్యం 72,400 సిగ్ 716 రైఫిళ్ళకి ఒప్పందం చేసుకున్నాక మా బావ ‘చూశావా, 7.62నే కొన్నారు’ అని ఫోన్ చేశాడు. కొన్నది దూరం కోసమా, గోడల్ని చీల్చడం కోసమా, బావ అనుకునే ఎగిరిపడటం కోసమా అని అడిగితే, లైన్ సరిగ్గా లేదన్నాడు.