అద్దాల గది: పునాది నుంచి పైకప్పు దాకా

ఇంటికి ఆనించి కట్టే అద్దాల గదికి మొదటి గీత గీసే ముందే, లోపల చేరే వేడి ఎటు పోవాలో తేల్చుకోవాలి. పడమటి ఎండ కిందికి వాలి నేరుగా గదిలోకి వస్తుంది. పైన ఎంత మంచి కప్పు వేసినా దాన్ని ఆపలేదు. తూర్పున జాగా ఉంటే అదే మేలు. పడమర తప్పదంటే ఆ వైపు తెరలు బయటే కట్టండి. లోపలి తెర దగ్గరికి వచ్చేసరికే ఎండ అద్దం దాటేసి ఉంటుంది, ఆ వేడి ఇక గదిలోనే. గాలికి కింద కిటికీలు, కప్పులో తెరుచుకునే పలకలు రెండూ ఉండాలి. కప్పులోవి నేల వైశాల్యంలో 15 శాతానికి తగ్గకుండా చూడండి. 4 × 3 మీటర్ల గదికి అది 1.8 చదరపు మీటర్లు. ఇక్కడ మాత్రం పొదుపు వద్దు. కప్పు పూర్తయ్యాక పలక పెట్టాలంటే సగం కప్పు విప్పాల్సిందే.

అనుమతులు, నేల కింద పోయే మురుగు పైపులు తవ్వకానికి ముందే చూసుకోండి. మూలమట్టం సరిచూడటానికి తాడు చాలు: 4 × 3 గదిలో రెండు కర్ణాలూ సరిగ్గా 5 మీటర్లు రావాలి.

పునాది లోతు ఇంటి పునాదితో సమానంగా ఉండాలి. తేలిగ్గా కనిపించే గదే కదా అని పైపైన వేస్తే, అది ఇంటితో సంబంధం లేకుండా విడిగా కుంగుతుంది. అతుకు దగ్గర గోడ చీలేది అందుకే. పాత గోడకు, కొత్త గోడకు మధ్య 10 మిల్లీమీటర్ల సందు వదిలి, సాగే సీలెంట్‌తో నింపండి.

నేలకు 150 మిల్లీమీటర్ల కంకరను రెండు పొరలుగా పోసి దిమ్మిస కొట్టాలి. పైన 50 మిల్లీమీటర్ల ఇసుక, దాని మీద మందపాటి పాలిథిన్ షీటు. షీటు అంచులు 150 మిల్లీమీటర్లు ఒకదానిమీదొకటి ఎక్కాలి. ఆపైన 100 మిల్లీమీటర్ల కాంక్రీటు: ఈ గదికి 1.2 ఘనపు మీటర్లు. కనీసం ఏడు రోజులు తడి ఆరనివ్వకండి. గోడలో చెమ్మ ఆపే పొర బయటి నేల కంటే 150 మిల్లీమీటర్లు పైనే ఉండాలి.

కప్పు వాలు 15 డిగ్రీలు పెడితే, 3 మీటర్ల వెడల్పుకు సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తు తేడా వస్తుంది. వాలు బాగా తగ్గితే నీరు, దుమ్ము అద్దాలను పట్టి ఉంచే పట్టీల దగ్గరే నిలిచిపోతాయి. బరువు లెక్క సులువు: మిల్లీమీటరు మందం గల అద్దం చదరపు మీటరుకు 2.5 కిలోలు. మొత్తం 10 మిల్లీమీటర్ల మందమైతే ఈ కప్పుకు అద్దమే దాదాపు 310 కిలోలు. గాలి తాకిడి దీనికి అదనం. అందుకే కడ్డీల సైజు ఇంజనీరే నిర్ణయించాలి.

తలమీది రెండు పొరల అద్దాల్లో గది వైపు పొర తప్పకుండా లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర అతికించిన అద్దం) అయి ఉండాలి, పగిలినా ముక్కలు ఊడిపడవు. టఫెన్డ్ గ్లాసును, అంటే వేడిచేసి గట్టిపరిచిన అద్దాన్ని, తయారయ్యాక కోయలేం. కాబట్టి ఫ్రేము నిలబెట్టాకే కొలవండి. ఒక్కో గడిని మూడు చోట్ల కొలిచి, చిన్న కొలత తీసుకుని, చుట్టూ 5 మిల్లీమీటర్లు తగ్గించండి. అద్దం రబ్బరు దిమ్మెల మీదే కూర్చోవాలి, అంచు లోహాన్ని తాకకూడదు. 4 మీటర్ల అల్యూమినియం కడ్డీ 40 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు దాదాపు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు చివరలూ బిగిస్తే వంగి అద్దాన్ని నొక్కుతుంది. ఒక చివర స్క్రూకు పొడవాటి రంధ్రం పెట్టండి.

ఇంటి గోడ, కప్పు కలిసే చోట సిలికాన్ ఒక్కటే నమ్ముకోవద్దు. గోడలో 25 మిల్లీమీటర్ల లోతు గాడి కోసి లోహపు రేకు చొప్పించండి. ఆ రేకు కప్పు మీదినుంచి గోడ మీదికి 150 మిల్లీమీటర్లు ఎక్కాలి. సిలికాన్ న్యూట్రల్ రకమే కొనండి. వెనిగర్ వాసన వచ్చే రకం లామినేటెడ్ అద్దాల అంచులను దెబ్బతీస్తుంది. ఫ్రేము అడుగున ఉండే చిన్న రంధ్రాలను మాత్రం మూయకండి, లోపల చేరిన నీరు బయటికి పోయే దారి అదే.

చివరగా గొట్టంతో నీళ్లు కొట్టి చూడండి. కింది అతుకు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అతుకు దగ్గర పది నిమిషాల చొప్పున పైకి వెళ్లండి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని అతుకుల మీదా పారుతుంది, కారేది ఎక్కడో దొరకదు.